పుండు మానింది, పరుగు ఆగలేదు

రాయ్‌పూర్ పక్క ఫ్యాక్టరీల ఉర్లాలో షిఫ్టు మారే వేళ ఏ మందుల షాపు ముందైనా పది నిమిషాలు నిలబడండి. పేగు జబ్బుకు మందు కావాలని అడిగేవాడు ఒక్కడూ కనిపించడు. "పేట్ మే మరోడ్ హై భయ్యా" అంటాడొకడు. శ్రీకాకుళం నుంచి రోలింగ్ మిల్లు పనికొచ్చినవాడు "పొద్దున్నుంచి నాలుగుసార్లయిపోయింది, డ్యూటీకెళ్లాలి, కట్టీసే మాత్తర ఏదైనా ఇయ్యి" అంటాడు. షాపతను లోపెరమైడ్ రెండు, ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు రెండు కత్తెరతో కోసి చేతిలో పెడతాడు. కోసిన ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, తయారీ తేదీ అసలుండదు. బేరం అర నిమిషంలో అయిపోతుంది.

అడిగింది బాధకు. దొరికిందీ బాధకే. జబ్బేమిటన్నది ఇద్దరికీ పట్టదు. దీన్ని తప్పుపట్టడం తేలిక. కానీ పెద్దాసుపత్రుల్లో, విశ్వవిద్యాలయాల్లో, డాక్టరేట్ సిద్ధాంత గ్రంథాల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. అక్కడ జబ్బు దొరికింది, బాధ జారిపోయింది. ఎండోస్కోపీలో పుండు మానింది కాబట్టి మందు పనిచేసిందంటారు. మరి ఇంకా రోజుకు ఐదుసార్లు పరుగెత్తాల్సొస్తోందని రోగి అంటే దానికి ఫైల్లో గడి ఉండదు. పేగు జబ్బుల మందుల మీద దాదాపు వందేళ్లుగా సాగిన పరిశోధనను ఈ అంతరం కోణంలోంచి చూస్తే ఎక్కడ గెలిచామో, ఎక్కడ ఊరికే తిరుగుతున్నామో తెలుస్తుంది.

తెలుగువాళ్లకు ఈ చరిత్రలో సొంత ఇంటి కథ ఒకటుంది. యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు రోజుల తేడాతో పోయారు. జబ్బు స్ప్రూ, మన వైద్యులు సంగ్రహణి కింద లెక్కగట్టేది. తిన్నది ఒంటబట్టదు, జిడ్డు విరేచనాలు, నాలుక పూత, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకూ అదే పట్టుకుంటే వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో గట్టెక్కాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. తర్వాత బోస్టన్ వెళ్లాడు, హార్వర్డ్‌లో 1930లో పీహెచ్‌డీ తీసుకున్నాడు. ఆ డాక్టరేట్ పేగు మీద కాదు. ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ, ఇవీ అక్కడ ఆయన చేసిన పని. సోదరులను మింగిన జబ్బు దగ్గరికి 1940లో లెడర్లే కంపెనీలో చేరాకే తిరిగొచ్చాడు.

లెడర్లేలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. (ఒక్కడే కనిపెట్టాడని మన పత్రికలు రాస్తుంటాయి. స్టోక్‌స్టాడ్ మొదలైన వాళ్ల పేర్లు చెప్పినంత మాత్రాన సుబ్బారావు తగ్గిపోడు.) దానికి ముందే 1930 ప్రాంతాల్లో బొంబాయిలో లూసీ విల్స్, గర్భిణుల రక్తహీనతకు ఈస్టు సారం పనిచేస్తుందని చూపించింది. అందులో ఉన్న పదార్థమే ఇది. టామ్ స్పైస్ వెంటనే దాన్ని స్ప్రూ రోగులకిచ్చి చూశాడు. రక్తం పెరిగింది, నాలుక పూత తగ్గింది, ఆకలి పుట్టింది. పేగు మాత్రం చాలామందిలో పూర్తిగా బాగుపడలేదు. టెట్రాసైక్లిన్ తోడయ్యాకే చికిత్స నిలదొక్కుకుంది. నెలల తరబడి ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడం నేటికీ స్ప్రూకు పాఠ్యపుస్తక వైద్యమే. ఆ టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బెంజమిన్ డగ్గర్ చేతిమీదుగా వచ్చింది. అదీ సుబ్బారావు పరిశోధన బాధ్యతలు చూస్తున్న లెడర్లే నుంచే.

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులనూ అదే బృందం తయారుచేసింది. అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల ల్యుకేమియాను కొన్నాళ్లపాటు ఆపగలిగాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. 1995లో కెనడా వైద్యుడు బ్రయన్ ఫీగన్ 141 మంది క్రోన్స్ అనే పేగు జబ్బు రోగుల మీద దాన్ని పరీక్షించాడు. వారానికి 25 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో నూటికి 39 మంది స్టెరాయిడ్లు మానేసి కూడా నెమ్మదించారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 19 మందే. మెథోట్రెక్సేట్ రాసిన డాక్టరు దాని దుష్ప్రభావాలు తగ్గాలని అదే చీటీ మీద ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తాడు. ఒకే ప్రయోగశాలలో పుట్టిన మందూ, దాని విరుగుడూ పక్కపక్కన కూర్చుంటాయి.

స్ప్రూ ఇప్పుడు బాగా తగ్గింది. 1960ల మొదట్లో ఉత్తర ఆర్కాట్ గ్రామాల్లో అంటువ్యాధిలా వ్యాపించినప్పుడు వెల్లూరు సీఎంసీ నుంచి బేకర్, మాథన్ లాంటివాళ్లు ఊళ్లలో మకాం పెట్టి దాన్ని పరిశీలించారు. ఆ స్థానాన్ని ఇవాళ పేగుపూత (అల్సరేటివ్ కొలైటిస్), క్రోన్స్, ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) ఆక్రమించాయి. మొదటి రెండింటిలో పేగులో కంటికి కనిపించే పుండ్లుంటాయి. మూడోదాంట్లో ఎండోస్కోపీ శుభ్రంగా ఉంటుంది, మనిషి మాత్రం నలిగిపోతుంటాడు. ఇవి తెల్లవాళ్ల జబ్బులనే భ్రమ మనకు చాలాకాలం ఉండేది. లూథియానా వైద్యులు పంజాబ్‌లో ఇల్లిల్లూ తిరిగి, లక్ష మందిలో 44 మందికి పేగుపూత ఉందని 2003లో చెప్పారు. హైదరాబాద్ ఏఐజీ వైద్యులు ఇటీవల తెలంగాణ పల్లెల్లో చూస్తే అక్కడా పట్నానికి తీసిపోని పాలు కనిపించింది.

పేగుపూత మందుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పరిశోధన ఒక బంగ్లాదేశీ విద్యార్థిది. సల్ఫాసలజీన్‌ను స్టాక్‌హోమ్‌లో నన్నా స్వార్ట్జ్ 1930ల చివర కీళ్లవాతం కోసం రూపొందించింది. కీళ్లలో క్రిములున్నాయనుకుని సల్ఫా మందునూ, ఆస్పిరిన్ జాతి మందునూ ఒక ముడితో కలిపింది. పెద్దపేగు జబ్బున్నవాళ్లకు అది బాగా పనిచేసింది. ఎందుకు పనిచేస్తోందో ముప్ఫై ఏళ్లకు పైగా ఎవరికీ తెలియదు. ముడిలో ఏ సగానిది మహిమ? సల్ఫాదే అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్ దగ్గర డాక్టరేట్ చేస్తున్న ఎ.కె. ఆజాద్ ఖాన్ దీన్ని చాలా సాదాగా తేల్చాడు. రోగులను మూడు జట్లుగా చేసి, ఒకరికి పూర్తి మందు, ఒకరికి సల్ఫా సగం, ఒకరికి రెండో సగం ఎనీమాగా ఇచ్చాడు. నోటితో ఇస్తే విడి సగాలు పైనే రక్తంలో కలిసిపోయి పెద్దపేగు దాకా చేరవు. అందుకే కింది దారి. సల్ఫా జట్టుకు పెద్దగా గుణం కనిపించలేదు. మిగతా రెండు జట్లూ ఒకేలా బాగుపడ్డాయి. 1977లో లాన్సెట్‌లో వచ్చిన ఆ చిన్న వ్యాసంతో ఆ రెండో సగమే మెసలమిన్ అనే మందుగా పుట్టింది. తలనొప్పులు, వికారం, దద్దుర్లు చాలావరకు తెచ్చే సల్ఫా సగాన్ని వదిలేయవచ్చని తేలింది. డాక్టరేట్ విద్యార్థి అడగదగ్గ ప్రశ్న అలా ఉండాలి: రోగి మింగుతున్నదాంట్లో అనవసరమైనదేది?

అప్పటినుంచి సమస్య మెసలమిన్‌ను పెద్దపేగు దాకా చేర్చడం ఎలా అన్నదే. మన వైపు నుంచి గట్టి పని ఇక్కడే జరిగింది. 1990ల చివర విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయ ఫార్మసీ విభాగంలో వై.ఎస్.ఆర్. కృష్ణయ్య, ఎస్. సత్యనారాయణ, వై.వి. రామప్రసాద్ గోరుచిక్కుడు గింజల జిగురు తీసుకున్నారు. దాన్నే గ్వార్ గమ్ అంటారు. మెసలమిన్ బిళ్ల చుట్టూ దాన్ని కవచంలా అదిమారు. జిగురు జీర్ణాశయంలోనూ చిన్నపేగులోనూ ఉబ్బుతుంది గానీ విడిపోదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, అప్పుడు మందు బయటపడుతుంది. పరీక్ష చేసిన తీరు చెప్పాలి. రెండు గంటలు ఆమ్లంలో, మూడు గంటలు చిన్నపేగులాంటి ద్రవంలో తిప్పారు. ఆపైన ఎలుకల సీకమ్ (పెద్దపేగు మొదటి భాగం) నుంచి తీసిన పదార్థం నాలుగు శాతం కలిపిన ద్రవంలో వేశారు. ఆ ఎలుకలకు వారం ముందునుంచే గ్వార్ గమ్ పట్టి, వాటి పేగు జీవులకు ఆ తిండి అలవాటు చేశారు. మనుషుల్లో కూడా, మాత్రలో రేడియోధార్మిక పదార్థం కాస్త పెట్టి, అది కడుపులో ఎక్కడెక్కడ ఏ సమయానికి ఉందో గామా కెమెరాతో చూశారు.

ఇది చదివినప్పుడల్లా గర్వమూ కలుగుతుంది, చిరాకూ కలుగుతుంది. గర్వం ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆ దారిలో తర్వాత మన ఫార్మసీ కాలేజీల నుంచి వందల థీసిస్‌లు వచ్చాయి. జిగురు మారుతుంది, మందు మారుతుంది, ద్రవంలో ఎంత శాతం కరిగిందన్న గ్రాఫు మాత్రం అదే. మరికొన్ని ఎలుకకు ఎసిటిక్ యాసిడ్ ఎనీమా ఇచ్చి పేగు పుండు చేసి, ఏదో ఆకు పసరుతో మాన్పుతాయి. ఎలుక పుండు మానుతుంది. ఎలుకకు డ్యూటీ లేదు, బస్సు లేదు, మధ్యలో దిగి పరుగెత్తాల్సిన అవసరమూ లేదు.

రోగి చెప్పే బాధను శాస్త్రం అసలు పట్టించుకోలేదనడం అన్యాయం. 1955లో ట్రూలవ్, విట్స్ 210 మంది పేగుపూత రోగుల మీద కార్టిజోన్‌ను పరీక్షించినప్పుడు తీవ్రతకు పెట్టిన కొలతలో మొదటిది రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారన్నదే. ఆరుసార్లో అంతకంటే ఎక్కువో వెళ్తూ, రక్తం పడుతూ, నాడి తొంభై దాటడం, జ్వరం, రక్తహీనత లాంటివి ఉంటే తీవ్రమన్నారు. వార్డు నర్సు కాగితం మీద గీతలు గీసి పెట్టగల కొలత. కార్టిజోన్ తీసుకున్నవాళ్లలో నూటికి 41 మంది ఆరు వారాల్లో నెమ్మదించారు, మిగతా జట్టులో 16 మంది. ఇవాళ్టికీ ఆసుపత్రిలో చేర్చాలా వద్దా అన్నది ఆ గీతల లెక్క మీదే ఆధారపడుతుంది.

కానీ బాధను ఒక్కదాన్నే నమ్మితే మునిగిపోతామని నేర్పింది మన దేశపు అనుభవమే. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండు కనిపిస్తే అది క్రోన్సా, పేగు క్షయా? రెండూ అక్కడే వస్తాయి, చూపుకు ఒకేలా ఉంటాయి. బయాప్సీలో క్షయ క్రిమి చాలాసార్లు దొరకదు. క్షయకు స్టెరాయిడ్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఏళ్లుగా మన డాక్టర్లు ముందు టీబీ మందులిచ్చి చూస్తారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఇలా చూసిన రోగుల రికార్డులు తిరగేస్తే వింత బయటపడింది. తర్వాత క్రోన్స్ అని తేలినవాళ్లలో కూడా కొందరికి టీబీ మందులతో బాధ తగ్గింది. పుండు మాత్రం మానలేదు. క్షయ ఉన్నవాళ్లలో పుండే మానింది. కాబట్టి రెండు మూడు నెలలకు మళ్లీ ఎండోస్కోపీ చేసి చూడాలే తప్ప, "బాగుందండీ" అన్న మాట విని కోర్సంతా లాగకూడదు. ఇక్కడ పుండు చెప్పిందే నిజం, మనిషి చెప్పింది కాదు.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఖరీదైన ఇంజెక్షన్ల విషయంలోనూ ఇదే భయం వెంటాడుతుంది. 1998లో అమెరికాలో క్రోన్స్‌కు అనుమతి పొందిన ఆ మందు, నిద్రపోతున్న క్షయను లేపుతుందని 2001 నాటికే తేలింది. చాలామంది ఒంట్లో క్షయ క్రిమి నిద్రపోతూ ఉండే దేశంలో ఆ మందు రాసే చెయ్యి వణకాలి. అంతకంటే చవకైన అజథయోప్రిన్‌తో ఇంకో చిక్కు. కొందరికి కొద్ది వారాల్లోనే తెల్ల రక్తకణాలు కుప్పకూలుతాయి. యూరప్ పుస్తకాలు టీపీఎంటీ అనే జన్యువు చూడమంటాయి. మనవాళ్లలో ఆ తేడా అరుదు. 2014లో కొరియా వైద్యులు ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువును పట్టుకున్నారు. ఏఐజీలో రూపా బెనర్జీ, డి. నాగేశ్వర్ రెడ్డి బృందం 1014 మంది పేగుపూత, క్రోన్స్ రోగులను వెంబడించి, మన దేశంలో ముందు చూడాల్సింది ఈ రెండోదాన్నేనని 2020లో నిరూపించింది. ఉన్న మందును మనవాళ్లకు ప్రమాదం లేకుండా వాడటమెలాగో చెప్పిన పని అది. కొత్త మందు కనిపెట్టడం కంటే దీన్ని తక్కువగా చూడటం మన అలవాటు, మంచి అలవాటు కాదు.

ఐబీఎస్ దగ్గరికొస్తే కథ ఇంత గౌరవంగా లేదు. పుండు లేదు కాబట్టి బాధ ఒక్కటే కొలత. కొలత అదైనప్పుడు ఉత్తుత్తి మాత్ర కూడా నూటికి ముప్ఫై, నలభై మందికి పనిచేస్తుంది. ఇది వట్టి పిండి బిళ్ల అని ముందే చెప్పి ఇచ్చినా కొందరికి మేలు కనిపించిందని 2010లో హార్వర్డ్‌లో కాప్చుక్ చూపించాడు. దాన్ని దాటి నిలబడే మందు దొరకడమే కష్టం. అలోసెట్రాన్ 2000 ఫిబ్రవరిలో అమెరికా బజారులోకొచ్చింది. పేగుకు రక్తం ఆగిపోయిన కేసులు బయటపడటంతో నవంబరుకల్లా వెనక్కి పోయింది. రోగులే కావాలని అడిగితే ఆంక్షలతో 2002లో తిరిగొచ్చింది. మలబద్ధకానికి తెచ్చిన టెగాసెరాడ్ గుండె భయంతో 2007లో అమెరికాలో, 2011లో మన దేశంలో ఆగిపోయింది. రిఫాక్సిమిన్ 2011 పరీక్షల్లో నూటికి 41 మందికి మేలు చేసింది, ఉత్తుత్తి బిళ్ల 32 మందికి. తేడా తొమ్మిది. ఈ మధ్య వచ్చిన వాటిలో నాకు నమ్మకం కలిగించినది పాత మందే. ఇంగ్లండులో 463 మంది మామూలు క్లినిక్కు రోగుల మీద అమిట్రిప్టిలీన్‌ను పది నుంచి ముప్ఫై మిల్లీగ్రాములు వాడి, బాధ తగ్గుతుందని 2023లో చూపించారు. మూలిగే పేగు నరాన్ని అది కాస్త జోకొడుతుంది. మాత్ర ఖరీదు దాదాపు లేనట్టే.

అదే మందు ఉర్లాలో ఇవ్వాలంటే ఇంకో సంగతి చూసుకోవాలి. అమిట్రిప్టిలీన్ నిద్ర తెస్తుంది, నోరు ఎండిపోతుంది. ఎర్రగా కాలిన కడ్డీ రోలర్ల మధ్యనుంచి దూసుకొచ్చే చోట, వారానికోసారి రాత్రి షిఫ్టుకు మారే మనిషికి ఆ మగత ఎంతసేపుంటుంది, ఏ వేళ మింగితే తగ్గుతుంది? వేడికి లీటర్లకొద్దీ నీళ్లు కారిపోయేవాడికి లోపెరమైడ్ అలవాటైతే మలబద్ధకం ఎంత? ఇంగ్లండు పరీక్షలో ఈ ప్రశ్నలు లేవు, ఉండనక్కర్లేదు కూడా. ఇక్కడివాళ్లు అడగాలి. రాయ్‌పూర్‌లో 2012 నుంచి ఎయిమ్స్ ఉంది. బీమారు ముదిరితే మన తెలుగువాళ్లు ఎలాగూ కోర్బా రైలెక్కి విశాఖపట్నం దారి పడతారు. థీసిస్ రాయదలచినవాళ్లకు రోగులు వెతుక్కోవాల్సిన పనిలేదు.

మన దేశపు పేగు లెక్క కూడా వేరు. వారానికి మూడుసార్లకంటే తక్కువైతే మలబద్ధకమని పడమటి దేశాల గీటురాయి. పప్పూ కూరా అన్నం తినే మనవాడు రోజుకు ఒకటి రెండుసార్లు వెళ్లి కూడా "ఫ్రీగా అవ్వలేదు" అని బాధపడతాడు. 2008లో దేశమంతటి జీర్ణకోశ వైద్యులు కలిసి చేసిన సర్వేలో ఈ అసంతృప్తి గట్టిగా కనిపించింది. జనాభాలో నూటికి నలుగురికి ఐబీఎస్ ఉందని కూడా అది తేల్చింది. పరాయి ప్రశ్నపత్రంతో మన రోగిని అడిగితే మందు పనిచేసినా పనిచేయలేదని రావచ్చు, పనిచేయకపోయినా చేసిందని రావచ్చు.

పేగుపూత నెమ్మదించినవాళ్లలో కూడా దాదాపు మూడోవంతు మందికి ఐబీఎస్ లాంటి బాధలు మిగిలిపోతాయి. పుండు లేదు కాబట్టి స్టెరాయిడ్ పెంచడం తప్పు. బాధ ఉంది కాబట్టి ఏమీ లేదనడమూ తప్పే. డాక్టర్లు ఈ రోగుల దగ్గర ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే అనిపిస్తుంది. మందు మోతాదు పెంచుకుంటూ పోతారు, లేదా మనసుకు మందు రాసిచ్చి పంపేస్తారు. ఐబీఎస్ కోసం తేలిన మందులు ఈ మిగులు బాధకు పనిచేస్తాయా అన్న ప్రశ్న మీద చిన్నాచితకా పరీక్షలు తప్ప గట్టివి తక్కువ. ఇసబ్‌గోల్, లోపెరమైడ్, అమిట్రిప్టిలీన్: మూడూ చవకే, మూడూ బజారులో ఉన్నవే. కంపెనీకి లాభం లేదు కనుక ఆ పరీక్ష కంపెనీ చేయదు. చేస్తే విశ్వవిద్యాలయమే చేయాలి.

ఆపుకోలేనితనాన్ని కొలవడం ఈ మధ్యే మొదలైంది. 2023లో పేగుపూతకు అమెరికా అనుమతి పొందిన మిరికిజుమాబ్ పరీక్షల్లో, ఎంత అర్జెంటుగా వెళ్లాల్సొచ్చిందో సున్నా నుంచి పది వరకూ రోగినే అంకె వేయమన్నారు. అంకె తగ్గితే అది ఫలితంగా లెక్కకెక్కింది. ఖరీదైన ఇంజెక్షన్ కోసం తయారైన కొలతే అయినా, వాడటానికి ఇంజెక్షన్ అక్కర్లేదు. ఉర్లా మనిషిని పదిలో ఎంతని అడగడం కంటే సూటిగా అడగొచ్చు. ఫర్నేసు దగ్గరనుంచి లెట్రిన్ ఎంత దూరం, అక్కడిదాకా ఆపుకోగలిగావా, ఈ నెల ఎన్నిసార్లు పనిమధ్యలో వదిలి వెళ్లావు, సూపర్‌వైజరు ఎన్ని గంటలు కోశాడు? వీటిని తెలుగులో, ఛత్తీస్‌గఢీలో సరిగ్గా అడిగి, రెండు వారాల తేడాతో మళ్లీ అడిగినా అదే జవాబు వస్తోందో లేదో చూసి, ఆ తర్వాతే మందు చేతికివ్వాలి. అందులో మొదటి భాగమే ఒక డాక్టరేట్‌కు సరిపడా పని.